మీకు తెలుసా? గ్రీటింగ్ కార్డుకు ఇక్కత్ ముక్క

చిట్యాల చుట్టుపక్కల చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసేవారికి మంచి సరుకు దగ్గర్లోనే దొరుకుతుంది. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్, 2020లో పొందిన పుట్టపాక తేలియా రుమాలు ఈ ప్రాంతపు నేతలే. జాకెట్లు కుట్టగా మిగిలిన ఇక్కత్ ముక్క చదరంగా కత్తిరించి అట్టపై అతికిస్తే, అచ్చు కార్డుకు రాని అందం వస్తుంది. జిగురు మాత్రం పలచగా, అట్టకే రాయాలి. బట్టకు రాస్తే మరక పైకి తేలుతుంది.

ఇక కార్డు మడత సంగతి: మిల్లు కాగితంలో నారలు ఎక్కువగా ఒకే దిక్కుకు పరుచుకుని ఉంటాయి. ఆ వాలు వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. చేతి కాగితంలో ఈ వాలు దాదాపు ఉండదు. మహబూబ్‌నగర్ వైపు కోయిలకొండ ఒకప్పుడు అలాంటి కాగితానికే పేరు!

ఏ4 అట్టను సగానికి కోసి, ఒక్కో సగాన్ని మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల కార్డులు రెండు వస్తాయి. వాటికి 114 × 162 కవరు సరిపోతుంది. బట్ట అంటించాక కార్డు మందమవుతుంది కాబట్టి ముందుగా ఒకటి చేసి, కవరులో పెట్టి చూశాకే మిగతావి కోయండి. కానుకగా ఇచ్చే సెట్టుకు రిబ్బను కొననక్కర్లేదు, చీర అంచు పీలికతో కట్టండి.