మీకు తెలుసా? పాత కంప్యూటర్‌లో ఒక టెర్మినల్ ఉంది

చీపురుపల్లిలో మీ ఇంటి అటక మీద విండోస్ 95 నాటి కంప్యూటర్ ఉంటే తూకానికి అమ్మేయకండి. అందులో సాధారణంగా హైపర్‌టెర్మినల్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. 1978లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌లా నడుచుకోవడం దానికి తెలుసు. వరుసకు 80 అక్షరాలు, మొత్తం 24 వరుసలు. బొమ్మలుండవు, మౌస్‌తో పనిలేదు.

1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో అందరికీ ఇంటర్నెట్ తెరిచాక, విద్యార్థులకిచ్చిన చవక ఖాతా నడిచింది ఇలాంటి ప్రోగ్రాంతోనే. మోడెం కూతపెట్టి ఫోన్ లైన్ అందుకునేది. అసలు పనంతా అవతలి సర్వర్‌దే. మనం నొక్కిన అక్షరాన్ని పంపడం, వచ్చినదాన్ని చూపించడం, ఇంట్లో కంప్యూటర్‌కు అంతే పని. అందుకే పాత 386 కంప్యూటర్ అయినా చాలేది. డబ్బుల్లేని పిల్లలకు అదెంత మేలో!

మీ అటక మీది కంప్యూటర్ ఇప్పుడూ పనికొస్తుంది. వెనకనున్న 9 పిన్నుల సీరియల్ పోర్టును నల్ మోడెం కేబుల్‌తో లినక్స్ కంప్యూటర్‌కు కలపండి. అక్కడ సీరియల్ లాగిన్ తెరిచి, రెండు వైపులా వేగం 9600 పెట్టండి. వేగాలు కలవకపోతే తెరనిండా పిచ్చి గుర్తులే. రాస్‌బెరీ పై అనే బుల్లి కంప్యూటర్ పిన్నులకు మాత్రం నేరుగా తగిలించొద్దు. అవి 3.3 వోల్టులవి, కాలిపోతాయి.