బరువు దింపుకున్న గాజు

ఫ్రాన్స్ పడమటి తీరంలో జిరోంద్ మొగ ఉంది. బోర్దో ద్రాక్షసారా కోసం వచ్చే ఓడలన్నీ ఆ మొగలోంచే లోపలికి పోవాలి. అడుగున ఇసుకమేటలు, నీటి చాటున రాళ్ళు. ఒడ్డుకు ఏడు కిలోమీటర్ల అవతల, పోటు వస్తే మునిగిపోయే రాతిదిబ్బ మీద కోర్దువాన్ దీపస్తంభం నిలబడి ఉంది. 1584లో లూయి ద ఫ్వా అనే ఇంజనీరు పని మొదలుపెట్టాడు. అది 1611కి గాని పూర్తికాలేదు; అప్పటికి ఆయన లేడు. లోపల రాజుగారికి గదులు, ఒక ప్రార్థనామందిరం కూడా కట్టారు. అంత అందమూ పగలు వచ్చే ఓడకే. రాత్రి వచ్చే ఓడకు కావలసింది వెలుగు.

ఆ వెలుగే చాలేది కాదు. మొదట కట్టెలు, తర్వాత బొగ్గు మండించారు. 1780ల్లో నూనెదీపాలు పెట్టి, వెనక లోహపు అద్దాలు బిగిస్తే, పాత మంటే నయమని నావికులు గోలపెట్టారు. ఎంత మెరుగుపెట్టినా లోహం తన మీద పడ్డ వెలుగులో సగం దాకా మింగేస్తుంది.

1819లో ప్రభుత్వ దీపస్తంభాల సంఘం పనికి వచ్చిన ఒగుస్తాన్ ఫ్రెనెల్, అద్దం మానేసి దీపం ముందు గాజు కటకం పెడదామన్నాడు. కానీ అంత పెద్ద భూతద్దం చేస్తే మధ్యలో మందంగా ఉబ్బి, మోయలేనంత బరువవుతుంది. ఆ మందం వెలుగునూ తినేస్తుంది.

ఇక్కడే నాకు ఫ్రెనెల్ మీద ఎనలేని ప్రేమ. కిరణం గాజులోకి దిగే చోట వంగుతుంది, బయటికి వచ్చే చోట వంగుతుంది. మధ్యలో తిన్నగానే పోతుంది. అంటే పనిచేసేది పైనున్న వాలు. లోపలి గాజు ఊరికే బరువు. ఆ బరువు తీసేసి, వాలును మాత్రం మెట్లుమెట్లుగా, వలయాలుగా మిగిల్చితే చాలు. పుస్తకం మీద పెట్టుకుని చదివే పలచటి ప్లాస్టిక్ భూతద్దం మీద గోరు గీసి చూడండి, గరగరమని తగిలేవి ఆ మెట్లే. మెట్ల కటకం ఆలోచన ఫ్రెనెల్ కంటే ముందే బ్యుఫోన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తకు వచ్చింది గాని, ఆయన దాన్ని ఒకే గాజుదిమ్మలో చెక్కాలనుకున్నాడు. ఫ్రెనెల్ ముక్కలు విడివిడిగా సానపట్టించి అతికించాడు. 1820లో తయారైన మొదటి పలకలో 97 ముక్కలున్నాయి. మరుసటి ఏడాది జనం ఎదుట పోటీ పెడితే లోహపు అద్దాలు వెలవెలబోయాయి.

1823 జులైలో కోర్దువాన్ మీద కొత్త దీపం వెలిగింది. నడుమ ఒక్క నూనెదీపం, చుట్టూ ఎనిమిది గాజు పలకలు. గడియారపు యంత్రం వాటిని నెమ్మదిగా తిప్పుతుంటే ఒక్కో పలక ఒక్కో కాంతిపుంజాన్ని సముద్రం మీదికి పంపేది. దూరంలో ఉన్న సరంగుకు వెలుగు, చీకటి, మళ్ళీ వెలుగు. ఆ వరస చూసి అది ఏ దీపమో గుర్తుపట్టేవాడు.

ఫ్రెనెల్‌ది మొదటి నుంచీ నలతగుండే ఒళ్ళు. క్షయతో 1827 జులైలో, 39 ఏళ్ళకే కన్నుమూశాడు. లండన్ రాయల్ సొసైటీ ఇచ్చిన రమ్‌ఫర్డ్ పతకాన్ని మిత్రుడు అరాగో తెచ్చేనాటికి ఆయన మంచం మీదే ఉన్నాడు.

కోర్దువాన్ 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. దీపం ఇప్పుడు విద్యుత్తుతో, దానంతటదే వెలుగుతుంది. అయినా కాపలాదారులు వంతులవారీగా అక్కడే ఉంటున్నారు.