మిష్రిఫ్‌లో గజం కొనలేం.. ఉట్నూరులో ఐదెకరాలా?

‘ఉట్నూరు వైపు ఐదెకరాల నల్లరేగడి. బయటి ధరలో మూడో వంతుకే. రిజిస్ట్రేషన్ ఉండదు, స్టాంపు పేపర్ మీద అగ్రిమెంట్. పట్టా పాత పేరు మీదే ఉంటుంది, మీకేం ఇబ్బంది లేదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు చాలామంది తీసుకున్నారు.’

గత నెల ఓ శుక్రవారం నా వాట్సాప్‌కు వచ్చిన మెసేజ్ ఇది. పంపినవాడు మా వైపు వాడే. మాది పాత ఆదిలాబాద్ జిల్లా. కువైట్‌లో ఏళ్ల తరబడి ఉంటున్నా, ఊళ్లో నాలుగెకరాలు ఉండాలన్న ఆశ మనలో ఎవరికి లేదు? ఇక్కడి ఉద్యోగం అకామా ఉన్నన్నాళ్లే. రేపు తిరిగి వెళితే కాళ్ల కింద నేల కావాలి. మా ఆవిడ, నేను కూర్చుని దినార్లను రూపాయల్లోకి మార్చి లెక్క వేశాం. చీటీ ఎత్తితే సరిపోయేలా ఉంది.

అడ్వాన్సు పంపే ముందు మా కాకకు ఫోన్ చేశాను. ఆయన రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. సంగతంతా విని ఒకటే అడిగారు.

‘‘కువైట్‌ల ఎన్నేండ్ల సంది ఉంటున్నవ్‌రా?’’

‘‘పద్నాలుగేండ్లు కాకా.’’

‘‘గన్నేండ్లల్ల ఆడ గజం జాగ కొన్నవా?’’

‘‘మనలాంటోళ్లను కొననియ్యరు గద కాకా.’’

‘‘మరి వాళ్ల మీద కోపమొచ్చిందా?’’

‘‘కోపమెందుకు? వాళ్ల దేశం, వాళ్ల చట్టం.’’

‘‘గిది గూడ గంతే. ముందుగాల హైమెండార్ఫ్ దొర ఏం జేసిండో తెలుసుకో. ఆ తర్వాత పైసలు పంపుడు సంగతి మాట్లాడుదం’’ అని ఫోన్ పెట్టేశారు.

మేముండే మిష్రిఫ్‌లో ఎటు చూసినా కువైటీల సొంత విల్లాలే. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ పక్కగా సాయంత్రం నడుస్తుంటే ఆ ఇళ్లను చూసి ముచ్చట పడతాం తప్ప, కొనుక్కోలేకపోతున్నామని ఎవరినీ తిట్టుకోం. ఇక్కడ మనం అద్దెకున్నవాళ్లం. ఆ మాట మనకు బాగా తెలుసు. కాక ప్రశ్న ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. హైమెండార్ఫ్ పేరు చిన్నప్పుడు విన్నదే. ఆయన చేసిన పని మాత్రం ఇప్పుడే చదివాను.

కదలనివ్వని పరదేశి

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. మానవ శాస్త్రవేత్త. 1936లో భారత్ వచ్చి నాగా కొండల్లో పరిశోధన చేశారు. 1939లో మళ్లీ వచ్చారు. అప్పటికే ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో ఆయన పాస్‌పోర్టు జర్మనీది అయిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను శత్రుదేశ పౌరుడిగా పరిగణించింది. చెరసాలలో పెట్టలేదు కానీ, నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లకూడదని కట్టడి చేసింది.

చేతిలోని కాగితాన్ని బట్టి మనిషి ఎక్కడ ఉండాలో, ఎక్కడికి కదలాలో తేలిపోవడం గల్ఫ్‌లో ఉన్న మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ కట్టడిలోనే ఆయన నల్లమలలో చెంచుల మధ్య, గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య గడిపారు. ఆంగ్లేయురాలైన భార్య బెట్టీ ఎలిజబెత్ ఆయన వెంటే ఉన్నారు.

1940లో ఆదిలాబాద్ అడవుల్లో కుమ్రం భీం నేలకొరిగాడు. పన్నెండు గూడేల భూమి కోసం, జల్ జంగల్ జమీన్ కోసం జోడెఘాట్ కొండల్లో నిలబడిన గోండు వీరుడాయన. తిరుగుబాటును తుపాకులతో అణచిన నిజాం సర్కారుకు ఆ తర్వాత ఓ ప్రశ్న మిగిలింది. అమాయకులని తాము అనుకున్న జనం ఎందుకు తిరగబడ్డారు? ఆ సంగతి తెలుసుకునే పనిని హైమెండార్ఫ్‌కు అప్పగించింది. అలా ఆ దంపతులు గోండుల మధ్యకు వచ్చి మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. ఆ ఊరు ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది.

కాగితం లేక పోయిన భూమి

గోండుల భూములు ఎలా పోయాయో చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. తేలిక నేలల్లో వాళ్లు కొన్నేళ్లు పంట వేసి, నేల అలసిపోతే కొన్నేళ్లు బీడుగా వదిలి, మరో చోట దున్నుకునేవారు. బీడు పెట్టడమంటే వదిలేసుకోవడం కాదు, నేలకు విశ్రాంతినివ్వడం. సర్వే చేయడానికి వచ్చిన అధికారులకు మాత్రం అది ఎవరిదీ కాని ఖాళీ జాగాగా కనిపించింది. అందులో కొంత రిజర్వ్ ఫారెస్టులో కలిసింది. కొంత, దరఖాస్తు రాయడం తెలిసిన బయటివాళ్ల పేరు మీదికి వెళ్లింది.

దున్నుకుంటున్న భూమికీ భద్రత లేదు. చాలామంది ‘శివాయిజమాబందీ’ కింద సాగు చేసేవారు. అంటే సర్కారీ భూమిని పట్టా లేకుండా దున్నుకుని శిస్తు కట్టడం. శిస్తు కడుతున్నాం కనుక భూమి తమదేనని వాళ్లు నమ్మారు. పట్టా చేతబట్టుకుని ఇంకొకరు వచ్చిన రోజున, తాత ముత్తాతలు దున్నిన చేనులోనే కూలీలయ్యారు. తెలుగు, ఉర్దూ కాగితాలు చదవలేని గోండీ మనిషికి కచేరీలో అండగా నిలిచేవారే లేరు.

సమస్య గోండుల స్వభావంలో లేదు, భూమిలో ఉందని హైమెండార్ఫ్ సర్కారుకు తేల్చి చెప్పారు. 1945లో గిరిజన, వెనుకబడిన తరగతుల వ్యవహారాల్లో నిజాం ప్రభుత్వానికి సలహాదారు అయ్యారు. గోండీ నేర్చుకున్న సేతుమాధవరావు పగ్డీ వంటి అధికారులు తోడయ్యారు. లావుణి నిబంధనల కింద, సొమ్ము తీసుకోకుండా గిరిజనుల పేర్ల మీద పట్టాలు ఇవ్వడం మొదలైంది. 1940ల చివరికి ఆదిలాబాద్ జిల్లాలో 11 వేల మందికి పైగా గిరిజనులకు సుమారు లక్షా అరవై వేల ఎకరాలు అందినట్టు ఆయన తర్వాత తన పుస్తకంలో రాశారు. 1946లో, అంటే 1356 ఫసలీలో, గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక రెగ్యులేషన్ వచ్చింది.

పట్టా ఇస్తే చాలదు, దాన్ని చదవగలగాలి. అందుకే 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. నిజాం సర్కారు ఇదంతా మరో తిరుగుబాటు రాకూడదన్న జాగ్రత్తతో చేసిందన్న మాటా నిజమే. భీం ప్రాణం పోయాకే సర్కారు చెవికి ఎక్కిందన్న సంగతి మరవకూడదు.

పాటే పత్రం, గుడే సాక్ష్యం

గోండుల గోత్రాలకు పెర్సాపేన్ అనే దేవుడుంటాడు. ఆ గోత్రం వాళ్లు పూజకు కూడినప్పుడు పర్ధాన్లు కిక్రీ వాయిస్తూ వాళ్ల పుట్టుక కథ పాడతారు. ఏ పూర్వీకుడు ఎక్కడి నుంచి వచ్చాడు, ఎవరికి ఎవరు అన్నదమ్ములు అన్నదంతా ఆ పాటలోనే ఉంటుంది. హైమెండార్ఫ్ ఆ కథలను, వంశాలను, పండుగలను రాసుకున్నారు, ఫొటోలు తీశారు, సినిమా రీళ్లకెక్కించారు.

ఇవన్నీ మ్యూజియంలో పెట్టుకోవడానికేనా అనిపించవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నిబంధనలు చూడండి. అడవిలో సాగు చేసుకుంటున్న కుటుంబం తన హక్కును నిరూపించుకోవడానికి ఏమేం చూపవచ్చో అందులో ఉంది. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, వంశవృక్షం, పెద్దల వాంగ్మూలం, ఆచారాలపై పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు అన్నీ సాక్ష్యాలే. ఒకప్పుడు కచేరీలో విలువలేని దేవుడి గద్దె, తాత సమాధి ఇప్పుడు చట్టం ముందు సాక్షులు. సంస్కృతి వేరు, భూమి వేరు అనుకునే మనకు ఇది తెలియాలి.

కేస్లాపూర్ నాగోబా జాతర కూడా అంతే. పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు కాలినడకన గోదావరి జలం తెచ్చి నాగోబాకు పూజ చేస్తారు. ఆ జాతరకు జనం ఎలాగూ వస్తారు కనుక, అధికారులనే అక్కడికి రప్పించి వాళ్ల గోడు వినిపిస్తే బాగుంటుందని 1940లలో హైమెండార్ఫ్ దర్బార్ పెట్టించారు. నేటికీ జాతరలో దర్బార్ జరుగుతూనే ఉంది.

చట్టం ఉంది, చిల్లులూ ఉన్నాయి

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ఇలాంటి ప్రాంతాలకు రక్షణ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో మరింత గట్టి చేశారు. మన వాళ్లంతా ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది అనుభవిస్తున్నవాడే. 1997 సమతా తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ప్రభుత్వం కూడా అక్కడి తన భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదని చెప్పింది.

ఇన్ని ఉన్నా భూమి జారిపోయింది. 1970ల చివర్లో హైమెండార్ఫ్ మళ్లీ వచ్చినప్పుడు, తమ కాలంలో పట్టాలు పొందిన కుటుంబాల భూములు వలస వచ్చినవాళ్ల చేతుల్లోకి వెళ్లడం కళ్లారా చూశారు. ఆ బాధంతా 1982లో అచ్చయిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకానికి ముందు ఏడాది, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు. అంతకన్నా చాలా ఎక్కువమందని ఊళ్లు చెబుతాయి.

భూమి ఎలా జారింది? మొదట్లో అప్పు, ఉప్పు, బట్ట, వడ్డీ. ఇప్పుడు స్టాంపు పేపర్, బినామీ పేరు, దూరదేశం నుంచి వచ్చే డబ్బు. ఏజెన్సీలో తరాలుగా ఉంటున్న గిరిజనేతర పేదల కష్టం వేరు, దాన్ని సానుభూతితో చూడాల్సిందే. కువైట్ నుంచి చీటీ డబ్బు పంపే నాలాంటివాడికి ఆ సాకు లేదు.

నాకు వచ్చిన బేరం ఎందుకంత చవకో అప్పటికి అర్థమైంది. అది అమ్మకూడని భూమి కనుక చవక. అగ్రిమెంట్ కోర్టులో నిలవదు. గిరిజన సంక్షేమ శాఖ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర కేసు పడితే భూమి గిరిజనుడికి తిరిగి వెళుతుంది. మన డబ్బుకు దిక్కుండదు. ఊరి వైపు నుంచి ఇలాంటి బేరం వస్తే ముందు ఆ గ్రామం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందో లేదో తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి. ‘రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అన్న మాట వినిపించిందంటే అక్కడే ఆగిపోండి.

ఆయన పేరేంటి?

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. హైమెండార్ఫ్ 1995లో లండన్‌లో చనిపోయారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలో పక్కపక్కనే ఉన్నాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి వాళ్లను తలుచుకుంటారు. పట్టాలు ఇప్పించారు, బడి పెట్టించారు, తమ పేరు మీద మాత్రం ఎకరం రాయించుకోలేదు. అయినా ఆ నేలలో వాళ్లకు చోటు దొరికింది. ఈసారి సెలవును వేసవికి కాకుండా జనవరికి పెట్టుకుని, పిల్లల్ని మార్లవాయికి, కేస్లాపూర్ జాతరకు తీసుకెళ్లాలనుకుంటున్నాం.

మొన్న ఆ బ్రోకర్ మళ్లీ ఫోన్ చేశాడు. ‘‘ఏమైంది సార్, అడ్వాన్సు పంపుతున్నారా?’’

‘‘ఆ పట్టా ఎవరి పేరు మీద ఉంది?’’ అనడిగాను.

‘‘ఒక గోండాయన సార్. పాపం మంచోడు, ఎక్కడ చెబితే అక్కడ సంతకం పెడతాడు.’’

‘‘ఆయన పేరు?’’

అటువైపు కాసేపు చప్పుడు లేదు. ‘‘పేరుతో ఏం పని సార్? కాగితంలో చూసి చెబుతా’’ అన్నాడు.

నాకొద్దని చెప్పాను. ఎందుకని అడిగితే, కాక నన్ను అడిగిన ప్రశ్నే అతన్నీ అడిగాను. అతనికి మిష్రిఫ్ ఎక్కడుందో తెలియదు. అందుకని కువైట్ సంగతి మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది.