బెంచీలు తీసి బల్లలు వేస్తే సైన్సు గది అవుతుందా?

జగిత్యాల: బడికి కొత్త గది మంజూరైందంటే ముందుగా చూసేది పొడవు, వెడల్పులే. నాలుగు గోడలు లేచి స్లాబు పడ్డాక గాని అది సైన్సు గది అన్న సంగతి గుర్తుకు రాదు. అప్పుడు నల్లా కోసం గోడ పగలగొడతారు. మురుగు పోయే దారి దొరకదు. చివరికి పరీక్షనాళికలు బీరువాలోనే ఉండిపోతాయి. చాలాచోట్ల జరిగే తంతు ఇదే.

2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభమైన 'మన ఊరు - మన బడి'లో 12 రకాల పనులు చేర్చారు. మరుగుదొడ్లు, కరెంటు, ప్రహరీ, వంటశాల, డిజిటల్ చదువు ఉన్నాయి. ప్రయోగశాల పేరు మాత్రం విడిగా లేకపోవడం గమనార్హం. సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో 2023 ఫిబ్రవరి 1న ప్రారంభమైన కేజీ టు పీజీ ప్రాంగణం వంటి చోట ఒక మంచి ప్రయోగశాలను అన్ని తరగతులవారు పంచుకునే వీలున్నది. విడిగా ఉన్న బడికి ఆ వీలు లేదు. ఉన్న ఒక్క గదినే సరిగా కట్టుకోవాలి.

సీబీఎస్ఈ నిబంధనల్లో తరగతి గదికి 500 చదరపు అడుగులు, ప్రయోగశాలకు 600 అడుగులు కనీస కొలత. పిల్లలు ఇక్కడ కూర్చోరు; నిలబడి పని చేస్తారు, బల్లల చుట్టూ తిరుగుతారు.

మార్చి వచ్చేసరికే మన వైపు పడమటి గోడ పెనంలా కాలుతుంది. అందుకే గది పొడవు తూర్పు పడమరలుగా ఉండి, కిటికీలు ఉత్తర దక్షిణాలకు రావాలి. ఉత్తరపు వెలుతురు నిలకడగా ఉంటుంది గనుక మైక్రోస్కోపు బల్లలు అటు వేయాలి. పడమర మెట్లు పెడితే ఆ వేడిని అవే భరిస్తాయి. సిరిసిల్లలో సాంచాల చప్పుడు వినవచ్చే వీధుల్లో కిటికీల సంగతి మరికొంత ఆలోచించవలసిందే.

అసలు పొరపాటు జరిగేది బండల దగ్గర. చౌకగా వస్తుందని బల్లలపై కడప బండ, కింద తాండూరు బండ పరుస్తారు. రెండూ సున్నపురాయి జాతివే. యాసిడ్ చుక్క పడితే బుసబుస పొంగి గుంట పడుతుంది. నునుపు చేసిన గ్రానైటు యాసిడ్‌కు చాలావరకు తట్టుకుంటుంది. కరీంనగర్ 'టాన్ బ్రౌన్' గ్రానైటు ఓడలెక్కి చైనా దాకా పోయింది. 2016లో జిల్లాలు విడిపోయినా రాయి దూరం కాలేదు కదా! బల్లల వరకైనా దాన్ని అడగవచ్చు. సింకు కింద సిమెంటు తూము వద్దు, యాసిడ్ దాన్నీ తింటుంది. ప్లాస్టిక్ గొట్టం వేయాలి. ఆ నీరు బావి వైపు పోరాదు.

క్లోరిన్ వంటి వాయువులు గాలి కంటే బరువైనవి, నేలకు దిగుతాయి. పైన వెంటిలేటరు ఒక్కటే చాలదు. తలుపులు రెండుండాలి, బయటికి తెరుచుకోవాలి. గ్యాసు సిలిండరు గోడ అవతల ఉండాలి.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపుకు కొదవ లేదు. సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుందని ఆడవాళ్లందరికీ తెలుసు. పాఠంలో క్షారానికి సూచిక అని చెప్పేది దాన్నే. 40 మంది పిల్లలు ఆ ప్రయోగం చేసి చేతులు కడుక్కోవాలంటే ఒక్క నల్లా ఏ మూలకు? నాలుగు సింకులు ఎక్కడ వస్తాయో, పునాది తవ్వకముందే బడి కమిటీవారు ఇంజినీరు చేత పటంలో గుర్తు పెట్టించుకోవాలి.