దిబ్బలు చెప్పే దారి

రోమన్ల రాతిరోడ్లు ఇటలీలో నేటికీ ఉన్నాయి. ఆ కాలపు మన బండ్లబాటలు కృష్ణా డెల్టాలో కనిపించవేం? ఇక్కడిది ఒండ్రునేల, వరదొస్తే బాట మాయం! మరి దారి తెలిసేదెలా? పటంలో ఘంటసాల, గుడివాడ, జగ్గయ్యపేటలను గీతతో కలపండి. మూడుచోట్లా బౌద్ధ స్తూపాలుండేవి. వర్తకులు కానుకలిచ్చేవారు కనుక అవి వాళ్ల దారుల వెంటే వెలిశాయి. విజయవాడ పక్కగా సాగే మీ గీత, ఆపైన దాదాపు నేటి హైదరాబాదు రహదారే!

స్తూపాలు కూలి దిబ్బలయ్యాయి. రోడ్డుకు మట్టి కావాలంటే ముందు దిబ్బమీదే కన్ను పడుతుంది. కృష్ణకు అవతల, భట్టిప్రోలు స్తూపం ఇటుకలు 19వ శతాబ్దంలో రోడ్డుకే పోయాయి. పాలరాళ్లు వెల్లటూరు కాలువ తూముకు. మిగిలిన కాస్త భాగాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే, బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన ధాతుపేటికలు దొరికాయి. మీ ఊరి దిబ్బలో మూరెడు పొడవు ఇటుకలు కనిపిస్తే, పలుగు పడకముందే మీ మాస్టారికి చెప్పండి.