టర్బో పికప్‌: బలమెంత? డీజిలు ఖర్చెంత? వాయిదా ఎంత?

పల్లెలో పండిన పంటను మండీకి చేర్చడం, పట్టణం నుండి ఎరువులు, దాణా, సిమెంటు, కిరాణా సరుకులు తిరిగి తీసుకురావడం నేడు అధికభాగం పికప్‌ వాహనాల మీదనే జరుగుతున్నది. అందుచేత గ్రామీణ శాఖలకు వచ్చే రవాణా రుణ దరఖాస్తులలో ఈ వాహనాలకు సంబంధించినవి ముఖ్యమైనవి. కొనుగోలుదారు డీలరును సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతాడు: బండి ఎంత బరువు లాగుతుంది? లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది? నెలకు వాయిదా ఎంత? ఈ మూడింటికీ విడివిడిగా సమాధానాలు లభిస్తాయి. అయితే అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయన్న సంగతి చాలామందికి బండి కొన్న ఆరు మాసాల తరువాత గాని అనుభవంలోకి రాదు. ఆ సంబంధాన్ని ముందుగానే వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే బండి, రెండు అనుభవాలు

ఢిల్లీ నగరానికి నైరుతి దిశలో, ఆరావళి గుట్టల అంచున ఉన్న నివాస ప్రాంతం వసంత్ కుంజ్. ఢిల్లీ అభివృద్ధి సంస్థ నిర్మించిన ఫ్లాట్ల సముదాయాలు, వాటి మధ్య అంగడి వీధులు, సమీపంలో మహిపాల్‌పూర్ మీదుగా గురుగ్రామ్ వైపు సాగే 48వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతపు స్వరూపం. ఇక్కడి దుకాణాలకు కూరగాయలు, పాలు, గ్యాస్ సిలిండర్లు, ఇంటి సామాన్లు చేరవేసే చిన్న వాహనాలు రోజంతా తిరుగుతూ ఉంటాయి. ఇటువంటి సరఫరాలో ఒక్కొక్క ప్రయాణం దూరం తక్కువ, ఆగడాలు ఎక్కువ. ప్రతి రెండు మూడు వందల మీటర్లకు ఒక స్పీడ్ బ్రేకరో, సిగ్నలో, సరుకు దించవలసిన దుకాణమో ఎదురవుతుంది.

అదే నమూనా బండి విశాఖ మన్యంలో పాడేరు ఘాట్ రోడ్డు మీద కాఫీ గింజల బస్తాలతోనో, మదనపల్లె మార్కెట్టుకు టమాటా పెట్టెలతోనో, కడియం నర్సరీల నుండి మొక్కల లోడుతోనో ప్రయాణిస్తే కథ వేరు. అక్కడ దూరం ఎక్కువ, ఆగడాలు తక్కువ, బరువు నిండుగా ఉంటుంది.

అందుకే టర్బో పికప్ యజమానులలో రెండు రకాల అభిప్రాయాలు వినవస్తాయి. “బరువు వేస్తే పరుగెత్తుతుంది, డీజిలు కూడా పొదుపే” అని కొందరంటే, “చెప్పిన మైలేజి ఒక్కనాడూ రాలేదు” అని మరికొందరు అంటారు. ఇద్దరూ తాము చూసినదే చెబుతున్నారు. తేడా బండిలో లేదు, బండికి అప్పగించిన పనిలో ఉన్నది.

టర్బో ఏమి చేస్తుంది?

డీజిలు మండడానికి గాలి కావాలి. సాధారణ ఇంజను తాను పీల్చుకోగలిగినంత గాలినే వాడుకుంటుంది. టర్బో ఉన్న ఇంజనులో బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొనన ఉన్న మరొక చక్రం బయటి గాలిని ఒత్తిడితో ఇంజనులోకి నెడుతుంది. గాలి ఎక్కువైనందున ఎక్కువ డీజిలు పూర్తిగా మండి, చిన్న ఇంజను నుండి పెద్ద బలం వస్తుంది. వృథాగా పోయే పొగలోని శక్తిని తిరిగి పనిలో పెట్టే ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో పేటెంటు పొందారు. ఒత్తిడికి గురైన గాలి వేడెక్కుతుంది కనుక దానిని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ అనే భాగాన్ని అమర్చుతారు.

మన దేశపు వాహనాలనే ఉదాహరణగా తీసుకొందాము. 2005లో విపణిలోకి వచ్చిన తొలి టాటా ఏస్‌లో టర్బో లేని రెండు సిలిండర్ల ఇంజను ఉండేది. 702 సి.సి. పరిమాణానికి దాని బలం 16 హెచ్.పి. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్‌లో సుమారు ఒకటిన్నర లీటరు మూడు సిలిండర్ల టర్బో ఇంజను 55 హెచ్.పి. బలాన్ని ఇచ్చింది. లీటరు పరిమాణానికి లెక్క కడితే మొదటిది 23 హెచ్.పి., రెండవది 37 హెచ్.పి. మహీంద్రా బొలెరో పికప్‌లోని 2523 సి.సి. ఇంజను, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016 నుండి తయారైన ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌ల ఇంజను కూడా టర్బో రకానివే.

కొండ ప్రాంతాలలో టర్బోకు మరొక ప్రయోజనం ఉన్నది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న పాడేరు, అరకు వంటి చోట్ల సాధారణ ఇంజను కొంత బలం కోల్పోతుంది. టర్బో ఆ లోటును చాలవరకు పూరిస్తుంది.

మైలేజి ఎందుకు తగ్గుతుంది?

టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరుగుతుంది. అయితే ఆ వేగం అందుకోవడానికి తగినంత పొగ రావాలి. సాధారణంగా పికప్ ఇంజను నిమిషానికి 1400 నుండి 2200 చుట్లు తిరిగే స్థితిలో గరిష్ఠ లాగుడు బలాన్ని ఇస్తుంది. అంతకు దిగువన బండి మందకొడిగా ఉన్నట్లు తోస్తుంది. అప్పుడు డ్రైవరు యాక్సిలరేటరును బలంగా తొక్కుతాడు. టర్బో అందుకునేలోగా స్పీడ్ బ్రేకరు వస్తుంది, బ్రేకు వేయవలసి వస్తుంది. అప్పటిదాకా ఖర్చయిన డీజిలు బ్రేకులలో వేడిగా మారిపోతుంది. వసంత్ కుంజ్ వంటి చోట రోజంతా జరిగేది ఇదే.

రహదారి మీద ఇందుకు విరుద్ధమైన పొరపాటు జరుగుతుంది. బలమున్నది కదా అని లోడు బండిని 80, 90 కిలోమీటర్ల వేగంతో నడుపుతారు. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అనగా వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. ఎత్తుగా పెట్టెలు పేర్చిన పికప్‌కు ఈ భారం మరింత ఎక్కువ. గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల నిలకడైన వేగం ఇంధన పొదుపుకు అనుకూలమని పెట్రోలియం పొదుపు పరిశోధనా సంఘం ఏనాటి నుండో ప్రచారం చేస్తున్నది.

సారాంశమేమనగా, టర్బో బలమూ ఇస్తుంది, పొదుపూ ఇస్తుంది. రెండింటినీ ఒకే క్షణాన పూర్తిగా ఇవ్వదు.

లీటరుకు కిలోమీటర్లు కాదు, టన్ను-కిలోమీటర్లు

సరుకు వాహనానికి సరైన కొలమానం లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది కాదు, లీటరుకు ఎంత బరువును ఎంత దూరం చేర్చింది అన్నది. లెక్క తేలికగా అర్థమయ్యేందుకు కొన్ని అంకెలు అనుకొందాము. టర్బో లేని చిన్న బండి 700 కిలోల సరుకుతో లీటరుకు 18 కి.మీ., టర్బో పికప్ 1500 కిలోలతో లీటరుకు 12 కి.మీ. నడిచాయనుకుంటే, మొదటిది లీటరుకు 12.6 టన్ను-కిలోమీటర్ల పని చేసినట్లు, రెండవది 18 టన్ను-కిలోమీటర్ల పని చేసినట్లు. మైలేజి తక్కువైనా పికప్పే లాభసాటి.

అయితే రోజూ దొరికే సరుకు 600 కిలోలే అయితే? చిన్న బండి అదే మైలేజితో 10.8 టన్ను-కిలోమీటర్ల పని చేస్తుంది. పికప్ లీటరుకు 13 కి.మీ. ఇచ్చినా 7.8 వద్దనే ఆగుతుంది. పైగా దాని వాయిదా పెద్దది. కనుక బండి ఎంపికకు ముందు రైతు సోదరులు, వ్యాపారులు తమకు వాస్తవంగా దొరికే సరుకు ఎంత, తిరుగు ప్రయాణంలో లోడు ఉంటుందా లేదా అన్నది ఒక నెలపాటు కాగితం మీద రాసి చూసుకోవడం మంచిది.

వాయిదాతో ముడి

రూ. 8 లక్షల రుణాన్ని 10 శాతం వడ్డీతో ఐదేళ్లలో తీర్చే పద్ధతిలో నెల వాయిదా సుమారు రూ. 17,000 అవుతుంది. బండి నెలకు 3000 కి.మీ. తిరుగుతుందనీ, డీజిలు లీటరు రూ. 95 అనీ అనుకొందాము. లీటరుకు 12 కి.మీ. వస్తే 250 లీటర్లు, అనగా రూ. 23,750. అదే 10 కి.మీ.కి తగ్గితే 300 లీటర్లు, అనగా రూ. 28,500. తేడా నెలకు రూ. 4,750. ఇది వాయిదాలో పావు వంతును మించిన మొత్తం. లీటరుకు రెండు కిలోమీటర్లే కదా అని ఉపేక్షిస్తే, ఏడాదికి మూడు వాయిదాలకు పైగా సొమ్ము సైలెన్సరు గుండా పోతుందన్నమాట. సకాలంలో వాయిదా కట్టగలగడం, కట్టలేకపోవడం మధ్య తేడా పలు సందర్భాలలో ఇంతే ఉంటుంది.

అందుచేత మైలేజిని ఊహతో కాక కొలతతో తెలుసుకోవాలి. టాంకు నిండుగా డీజిలు పోయించి మీటరు అంకె రాసుకోవాలి. తిరిగి అదే బంకులో అదే మట్టానికి నింపినపుడు పట్టిన లీటర్లు, మీటరు అంకె రాసుకోవాలి. ఉదాహరణకు మీటరు 12,400 నుండి 12,880కి చేరి, 40 లీటర్లు పట్టితే లీటరుకు 12 కి.మీ. అన్నమాట. ఒక్కసారి కాక వరుసగా మూడుసార్లు చూసి సగటు తీయాలి. వేసిన లోడును పక్కనే రాస్తే ఆ పుస్తకమే మంచి సలహాదారు అవుతుంది.

టర్బోను కాపాడుకొనే విధానం

టర్బో ఇరుసు ఇంజను ఆయిలు పొర మీదనే తిరుగుతుంది. కనుక తయారీదారు సూచించిన శ్రేణి ఆయిలునే, సూచించిన గడువుకే మార్చాలి. ఉదయం స్టార్టు చేసిన వెంటనే గట్టిగా రేజు చేయరాదు. ఘాటు ఎక్కి వచ్చిన తరువాత ఇంజనును వెంటనే ఆపక, ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి ఆపాలి. గాలి ఫిల్టరు శుభ్రత మరువరానిది. ఢిల్లీ ధూళికైనా, రాయలసీమ ఎర్రమట్టికైనా ఇది వర్తిస్తుంది. నల్లని పొగ గాలి చాలడం లేదనడానికి, నీలి పొగ ఆయిలు మండుతున్నదనడానికి సూచనలు. టైర్లలో గాలి తగ్గినా డీజిలు ఖర్చు పెరుగుతుంది.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఈ డీజిలు బండ్లలో పొగ మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉంటుంది. అది వేడెక్కినపుడు మసి తనంతట కాలిపోతుంది. ఎప్పుడూ చిన్న దూరాలే తిరిగే బండిలో ఆ వేడి చాలక ఫిల్టరు మూసుకుపోతుంది. హెచ్చరిక దీపం వెలిగినపుడు యజమాని పుస్తకంలో చెప్పినట్లు బండిని కొంతసేపు రహదారి మీద నిలకడగా నడపాలి. కొన్ని నమూనాలలో 32.5 శాతం యూరియా కలిగిన ప్రత్యేక ద్రావణం కూడా పోయవలసి ఉంటుంది. పొలానికి చల్లే వేప పూత యూరియాను నీటిలో కలిపి ఇందులో పోయడం ఎంతమాత్రం తగదు. ఖరీదైన భాగాలు పాడవుతాయి.

ఢిల్లీ నుండి పాత బండి వస్తే

రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు వాహనాలపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించాయి. 2025లో ఈ విషయమై సుప్రీంకోర్టు మరల ఉత్తర్వులు ఇచ్చింది. ఈ ఆంక్షల కారణంగా అక్కడి పాత బండ్లు ఇతర రాష్ట్రాలకు అమ్మకానికి వస్తుంటాయి. ధర తక్కువని ఆశపడేవారు ఒక సంగతి గమనించాలి. నగర వీధులలో తిరిగిన బండి మీటరులో కిలోమీటర్లు తక్కువ చూపినా, ఇంజను తిరిగిన గంటలు చాలా ఎక్కువ ఉండవచ్చు. ఇంటర్‌కూలర్ గొట్టాలలో ఆయిలు చెమ్మ, టర్బో ఇరుసు ఊగులాట, పొగ రంగు తెలిసిన మెకానిక్కు చేత పరీక్ష చేయించాలి. ఆ ప్రాంతపు రవాణా కార్యాలయం ఇచ్చిన నిరభ్యంతర పత్రం, పాత రుణం తీరినట్లు తెలిపే 35వ నంబరు ఫారం లేనిదే సొమ్ము చెల్లించరాదు. కొనే ముందు మన రాష్ట్రపు తాజా నిబంధనలను కూడా విచారించాలి.

డీలర్లకు, రుణగ్రహీతలకు

2025 సెప్టెంబరు 22 నుండి సరుకు రవాణా వాహనాలపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతానికి తగ్గింది. ముద్ర పథకం కింద కూడా సరుకు వాహనాలకు రుణం పొందవచ్చు. మొత్తం బరువు 3000 కిలోలు మించని సరుకు వాహనానికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిటు అవసరం లేదు. అధిక లోడుకు మాత్రం 2019 సవరణ చట్టం రూ. 20,000 జరిమానా, అదనపు ప్రతి టన్నుకు మరి రూ. 2,000 విధించింది. టర్బో లాగుతుంది గదా అని అనుమతికి మించి వేసిన ఒక్క లోడు, పట్టుబడితే ఒక నెల వాయిదాను మించిన సొమ్మును తీసుకుపోతుంది.

డీలరు మిత్రులు అమ్మకం నాడు హెచ్.పి. ఎంతో చెప్పడంతోపాటు, కొనుగోలుదారు వేసే సరుకెంత, తిరిగే దారి ఏది అని అడిగి తగిన బండిని సూచిస్తే, ఆ బండి వాయిదా తప్పదు, వారి ఖాతాదారు వారిని వదలడు. రుణగ్రహీతలు దరఖాస్తుతో పాటు తమ నెలసరి సరుకు లెక్కను శాఖాధికారికి చూపితే, ఎంత రుణం, ఎంత గడువు తగునో నిర్ణయించడం ఇరుపక్షాలకూ సులభమవుతుంది.