పాత రికార్డు ప్లేయర్ కొంటున్నారా.. ముందు ముల్లు చూడండి!

అటక మీది ట్రంకుపెట్టెలో తాతల నాటి గ్రామఫోను రికార్డులు దాచుకున్న కుటుంబాలు తెలుగు జిల్లాల్లో నేటికీ ఉన్నాయి. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు, ‘మాయాబజార్’ పాటలు, ఘంటసాల భగవద్గీత.. వీటిని మళ్లీ వినాలన్న కోరికతో కొందరు పాత ప్లేయర్ల కోసం వెదుకుతుంటారు. అయితే తొందరపడి దొరికిన యంత్రంపై రికార్డును ఉంచితే, అర్ధ శతాబ్దం పదిలంగా నిలిచిన గొంతు కొద్ది నిమిషాల్లోనే చెడిపోవచ్చు. యంత్రం పాడైతే బాగుచేయించుకోవచ్చు. అరిగిన గాడిని మాత్రం ఎవరూ తిరిగి చెక్కలేరు.

రికార్డును బట్టి ముల్లు

పాతకాలపు లక్క రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి. పది అంగుళాల రికార్డుపై ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట పడుతుంది. 1948లో అమెరికాలో వెలువడిన ఎల్‌పీ రికార్డు వినైల్ ప్లాస్టిక్‌తో చేసినది. ఇది నిమిషానికి 33 1/3 చుట్లు తిరుగుతూ, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పలుకుతుంది.

లక్క రికార్డు గాడి వెడల్పు, ఎల్‌పీ గాడి సన్నం. మొదటిదానికి ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 0.075 మిల్లీమీటర్లు ఉండాలి. రెండోదానికి 0.018 నుంచి 0.025 మిల్లీమీటర్లు చాలు. సన్నని ముల్లు లక్క రికార్డు గాడి అడుగున పడి గరగరలాడుతుంది. లావు ముల్లు ఎల్‌పీ గాడిని గీరేస్తుంది. అనేక పాత పెట్టె ప్లేయర్లలో ముల్లును రెండు వైపులా తిప్పుకొనేందుకు చిన్న మీట ఉంటుంది. పాట పెట్టే ముందు ఏ వైపున ఉందో చూసుకోవాలి.

కీ ఇచ్చి తిప్పే బూర గ్రామఫోనుపై ఎల్‌పీని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉంచరాదు. దాని బరువుకు, ఉక్కు ముల్లుకు వినైల్ ఒక్కసారికే పాడవుతుంది. లక్క రికార్డుకు సైతం ప్రతి వైపునకూ కొత్త ఉక్కు ముల్లు వాడాలి.

కొనేటప్పుడు..

హైదరాబాదులోని జుమ్మేరాత్ బజారు, ముంబయిలోని చోర్ బజారు వంటి పాత సామాన్ల సంతలలో ప్లేయర్లు దొరుకుతాయి. ధగధగలాడే ఇత్తడి బూర, కొత్త చెక్కపెట్టె, దానిపై పాత కంపెనీ బొమ్మ ఉంటే అది విడిభాగాలతో ఇటీవల కూర్చినది కావచ్చు. ఇలాంటివి అలంకారానికే తప్ప వినడానికి పనికిరావు.

విద్యుత్ ప్లేయరైతే పళ్లెం తిప్పి ఊగుతోందేమో పరిశీలించాలి. ముల్లును మోసే చేయి అడ్డులేకుండా కదలాలి. పళ్లెం అంచున కాగితం ముక్క అంటించి చుట్లు లెక్కపెడితే వేగం తెలిసిపోతుంది. 33 1/3 వేగంలో మూడు నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు రావాలి.

అమెరికాలోని బంధువులు పంపిన ప్లేయర్‌తో మరో చిక్కు ఉంది. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడిది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే గానీ హెర్ట్జ్‌ను మార్చదు. నేరుగా ఏసీ మోటారుతో నడిచే పాత ప్లేయర్ ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. పాట సాగదీసినట్లు వినిపిస్తుంది. 50 హెర్ట్జ్‌కు తగిన కప్పీ దొరికితేనే అటువంటిది కొనాలి.

మరమ్మతు ఇలా

ఏళ్ల తరబడి మూలనపడిన యంత్రాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టరాదు. తీగల తొడుగు పొడిబారి షాక్ కొట్టే ప్రమాదముంది. ముందుగా మెకానిక్‌తో తీగలు, కెపాసిటర్లు పరీక్ష చేయించాలి. వేగం తగ్గడానికి తరచూ కనిపించే కారణం ఇరుసులో గడ్డకట్టిన గ్రీజు. దాన్ని తుడిచి, కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే చాలు. సాగిపోయిన బెల్టుకు బదులు సరైన కొలత బెల్టే వేయాలి. మామూలు రబ్బరు బ్యాండు వేస్తే వేగం నిలకడగా ఉండదు. ముల్లు అరిగి ఉంటే మార్చాల్సిందే. నీలమణి ముల్లు త్వరగా అరుగుతుంది. వజ్రపు ముల్లు అంతకన్నా చాలాకాలం మన్నుతుంది.

స్పిరిట్‌తో తుడవొద్దు

లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. కనుక లక్క రికార్డును స్పిరిట్‌తో గానీ, అది కలిసిన ద్రావణంతో గానీ తుడిస్తే గాడులు పాడవుతాయి. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన గుడ్డతో లేబుల్ తడవకుండా తుడిచి వెంటనే ఆరబెట్టాలి. వేసవిలో అటక వేడికి ఎల్‌పీలు వంకర తిరుగుతాయి. వాటిని చల్లని గదిలో నిలువుగా పేర్చాలి.

బాగుచేసిన ప్లేయర్‌ను తొలుత విలువ లేని రికార్డుతో పరీక్షించాలి. వేగం, ముల్లు, బరువు సరిగా ఉన్నాయని తేలాకే తాతగారి రికార్డును పళ్లెం ఎక్కించాలి. ఆ మొదటి సారే పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నా గాడి అరగదు.